‘రత్తం నేదు’ అంటే ఏది లేనట్టు?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పిల్ల వాడిపోయినట్టు కనిపిస్తే తల్లి నోట మొదట వచ్చే మాట ఒకటే: "గుంటకి ఒంట్లో రత్తం నేదు." బడిలో కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లకీ అదే మాట, పాలు మానిన పసివాడికీ అదే మాట, తరచూ కామెర్లు వచ్చి కళ్ళు పచ్చబడే కుర్రాడికీ అదే మాట. ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ కూడా కింది రెప్ప లాగి చూసి అదే అంటాడు. ఒక టానిక్కు సీసా చేతికి వస్తుంది. నెల గడుస్తుంది, సీసా అయిపోతుంది. కొందరు పిల్లలు తేరుకుంటారు, కొందరు అలాగే ఉండిపోతారు.

ఆ తల్లి మాటలో తప్పు లేదు. రెప్ప పాలిపోయిందంటే రక్తం తగ్గినట్టే. అయితే ఆ ఒక్క మాట చాటున కనీసం మూడు వేరువేరు జబ్బులున్నాయి. ఒకదానికి ఇనుము మందు. ఇంకోదానికి అదే ఇనుము మెల్లగా గుండెను, కాలేయాన్ని తినేసే విషం. మూడోదానికి కావలసినవి నీళ్ళు, వెచ్చటి దుప్పటి, జ్వరం తగిలిన గంటల్లోనే ఆసుపత్రి. అందుకే రక్తం తక్కువగా ఉందని ఎవరైనా చెప్పినప్పుడు "ఎందుకు తక్కువగా ఉంది?" అని అడగడం మన తల్లిదండ్రులకు అలవాటు కావాలి. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క ప్రశ్న కోసమే.

మన ఒంట్లో ఎర్ర కణం చూడ్డానికి రెండు వైపులా బొటనవేలితో నొక్కిన చలిమిడి బిళ్ళలా ఉంటుంది. ఆయుష్షు సుమారు 120 రోజులు. ఎముకల లోపలి మూలుగలో సెకనుకు ఇరవై లక్షలకు పైగా కొత్త కణాలు పుడుతూ, పోయినవాటి చోటు నింపుతుంటాయి. ఒక్కో కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. ఒక్కో అణువులో నాలుగు ప్రోటీన్ గొలుసులు, ప్రతి గొలుసు మడతలో ఇరుక్కున్న ఒక ఇనుము పరమాణువు. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును పట్టుకునేదీ, వేలి కొసన దాన్ని వదిలేదీ ఈ ఇనుమే.

ఇటుకల బట్టీలో పనిచేసినవాళ్ళు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. మట్టి చాలకపోతే ఇటుకలు తగ్గుతాయి. అచ్చులు తక్కువైతే ఎంత మట్టి తెచ్చి పోసినా ఇటుకలు పెరగవు, మట్టి గుట్ట మాత్రం పెరుగుతుంది. అచ్చే వంకరైతే ఇటుకలు లెక్కకు వస్తాయి గానీ గోడలో నిలవవు. మట్టి చాలకపోవడం ఇనుము లోపం. అచ్చులు తగ్గడం తలసీమియా. అచ్చు వంకర సికిల్ సెల్.

మొదటిదే అన్నిటికన్నా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు 2015–16 సర్వేలో అది 58.6 శాతం. అన్నప్రాశన పేరుకు జరిగినా ఏడాది దాటేదాకా పాల మీదే నడిచే పిల్లలు, గర్భంలో ఉన్నప్పుడే ఇనుము చాలని తల్లులకు పుట్టిన పిల్లలు ఇందులో ఎక్కువ. దీనికి తోడు కొంకిపురుగు. చెప్పుల్లేకుండా తడి మట్టిలో నడిచే పాదాల చర్మంలోంచి దాని పిల్లపురుగు లోపలికి దూరుతుంది. పేగు గోడను కరచుకుని రోజూ కొంచెం కొంచెం రక్తం పీలుస్తుంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర నమిలించేది ఇలాంటి పురుగుల కోసమే. ఆ రోజు బడి మానిన పిల్లకు తర్వాతైనా ఆ మాత్ర వేయించాలి.

ఇక్కడ ఒక నమ్మకం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. చోడి అంబలి తాగితే రక్తం పడుతుందని మనవైపు గట్టి నమ్మకం. చోళ్ళు మంచి తిండి, ఎముకలకు కావలసిన కాల్షియం అందులో మెండుగా ఉంది. ఇనుము మాత్రం, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం, 100 గ్రాములకు 5 మిల్లీగ్రాముల లోపే. ఆ కొంచెంలోనూ చాలా భాగాన్ని గింజలోని ఫైటేట్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. మన అమ్మమ్మలు పిండిని రాత్రంతా పులియబెట్టి కాచేవారు. పులిస్తే ఫైటేట్ తగ్గుతుంది, ఇనుము కాస్త విడుదలవుతుంది. ఇప్పుడు అప్పటికప్పుడు కలిపి కాచే జావకు ఆ లాభం లేదు. అన్నంలో నిమ్మకాయ పిండినా, ఉసిరి పచ్చడి కలిపినా ఇనుము ఒంటికి పట్టడం పెరుగుతుంది. తినగానే టీ తాగితే తగ్గుతుంది. గుడ్డు, చేప, కోడి కాలేయం పెట్టగలిగిన ఇంట్లో పసివాళ్ళకు వాటిని ముందుగా పెట్టడం మేలు.

తిండి ఒక్కటే చాలనప్పుడు మందు ఉంది. చిన్నపిల్లలకు వారానికి రెండుసార్లు సిరప్, 5–9 ఏళ్ళ వాళ్ళకు గులాబీ రంగు మాత్ర, 10–19 ఏళ్ళ వాళ్ళకు నీలం మాత్ర వారానికొకటి. ఇవి రక్తహీనత రాకుండా చూసుకునే మోతాదులు. జబ్బు తేలాక డాక్టరు ఇచ్చే రోజువారీ మోతాదు వేరు. ఇనుము వాడితే మలం నల్లబడుతుంది. అది చూసి బెంగపడి మానేసేవాళ్ళే ఎక్కువ. హిమోగ్లోబిన్ మామూలు అంకెకు వచ్చాక కూడా కొన్ని నెలలు వాడితేగానీ ఒంట్లో నిల్వలు నిండవు.

నెలరోజులు సరిగ్గా మందు వాడినా అంకె కదలకపోతే? అక్కడే మన ప్రశ్న మొదలవుతుంది.

రక్తపరీక్ష చేయించిన ప్రతి ఇంట్లోనూ సీబీపీ అని ఒక కాగితం ఉంటుంది. హిమోగ్లోబిన్ అంకె కింద గీత గీసి మిగతాది వదిలేస్తారు. అదే కాగితంలో ఇంకో రెండు అంకెలు చూడండి: ఎంసీవీ, అంటే ఒక్కో ఎర్ర కణం సగటు పరిమాణం, ఆర్‌బీసీ కౌంట్, అంటే కణాల సంఖ్య. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 1973లో మెంట్జర్ అనే వైద్యుడు చెప్పిన లెక్క ఇది. ఒక పిల్లకు ఎంసీవీ 62, ఆర్‌బీసీ 3.8 (అంటే 38 లక్షలు) అనుకుందాం. భాగిస్తే 16 వస్తుంది. 13 కన్నా ఎక్కువ కాబట్టి ఇనుము లోపం కావచ్చు. ఇంకో పిల్లకు ఎంసీవీ అదే 62, ఆర్‌బీసీ మాత్రం 5.6. భాగిస్తే 11. కణాలు చిన్నవే గానీ సంఖ్యకు లోటు లేదు. మట్టి ఉంది, అచ్చులు తక్కువ. ఈ పిల్ల తలసీమియా వాహకురాలు అయ్యుండవచ్చు. ఈ లెక్క తీర్పు కాదు, అనుమానానికి దారి చూపే వేలు మాత్రమే. తేల్చవలసింది హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే వాహకురాలే అని సాధారణంగా చెబుతారు.

వాహకురాలు, అంటే తేడా ఉన్న జన్యువును తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే అందుకున్న పిల్ల, రోగి కాదు. ఈ మాట మళ్ళీ చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే మన ఊళ్ళలో సంబంధాలు చెడేది ఇక్కడే.

వాహకులైన ఇద్దరు పెళ్ళాడితే పుట్టే బిడ్డల సంగతి అర్థం కావాలంటే గవ్వలాట తలుచుకోండి. తండ్రి ఒక గవ్వ వేస్తాడు, తల్లి ఒక గవ్వ వేస్తుంది. రెండూ వెల్లకిలా పడితే బిడ్డకు ఏ చిక్కూ లేదు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే బిడ్డ తల్లిదండ్రుల్లాగే వాహకం. రెండూ బోర్లా పడితే జబ్బు. అలా పడే అవకాశం నాలుగింట ఒకటి. "మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి ఇక ముగ్గురు బాగుంటారు" అని లెక్కలు వేసుకున్న ఇళ్ళున్నాయి. గవ్వలకు జ్ఞాపకం ఉండదు. ప్రతి కాన్పుకూ ఆట మొదటినుంచే. మేనరికాలు ఎక్కువగా ఉన్న మనవైపు చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. మేనమామ తల్లిదండ్రులే మేనకోడలికి తాత, అమ్మమ్మ కాబట్టి ఇద్దరి దగ్గరా ఒకే గవ్వ ఉండే అవకాశం పెరుగుతుంది.

తలసీమియా మేజర్‌తో పుట్టిన బిడ్డ మొదట్లో బొద్దుగానే ఉంటుంది. గర్భంలో ఉన్నప్పుడు వాడే హిమోగ్లోబిన్ రకం వేరు, దాని అచ్చు వేరు. ఆరు నెలల వయసు నుంచి పెద్దల రకానికి మారే సమయంలో అచ్చుల కొరత బయటపడుతుంది. పాలిపోవడం, తిండి ముట్టకపోవడం, కడుపు ఉబ్బడం మొదలవుతాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో పిల్లల వైద్యుడు థామస్ కూలీ 1925లో ఈ జబ్బును వర్ణించాడు. మన దేశంలో మొదటి కేసు 1938లో కలకత్తాలో నమోదైంది. ఈ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించే ప్రతి యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి వెళుతుంది. మన శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును బయటికి పంపలేదు. ఏడాదికి పదహారు యూనిట్లు పట్టే కుర్రాడి ఒంట్లో ఒక్క సంవత్సరంలో చేరే ఇనుము, ఒక పెద్దమనిషి శరీరం మొత్తంలో ఉండే ఇనుముతో సమానం. అది గుండెలో, కాలేయంలో, ఎదుగుదలకు కావలసిన గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని బయటికి లాగడానికి డెఫరాసిరాక్స్ వంటి మందులు రోజూ వాడాలి. అలాంటి బిడ్డకు ఎవరో దయతలచి ఐరన్ టానిక్కు తాగిస్తే ఏమవుతుందో ఇక చెప్పనక్కర్లేదు.

వేసవిలో ఈ కుటుంబాల కష్టం రెట్టింపు. కాలేజీలకు సెలవులు, రక్తదాన శిబిరాలు తగ్గుతాయి, నిల్వలు అడుగంటుతాయి. బిడ్డ ఒంటికి మాత్రం సెలవుల్లేవు. రక్తమిచ్చే అలవాటున్నవారు ఏప్రిల్, మే నెలలను గుర్తుపెట్టుకుంటే అంతకన్నా పెద్ద సాయం లేదు. తోబుట్టువుల మూలుగ సరిపోలితే మార్పిడితో జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంది. హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట్లకు తెలుగు నేల నలుమూలల నుంచీ కుటుంబాలు చేరుతుంటాయి.

ఇప్పుడు కొండలెక్కుదాం. మెళియాపుట్టి, మందస, పాతపట్నం మీదుగా సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు, పాచిపెంట దాకా తూర్పు కనుమల అంచున సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు బతుకుతున్నారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడడంతో ఈ ఊళ్ళలో చాలావరకు పాత రెండు జిల్లాల నుంచి విడిపోయాయి. పటం మీద గీతలు మారినా సికిల్ సెల్ ఈ కొండల వెంటే ఉంది, ఒడిశా వైపూ ఇటూ.

1904లో కరేబియన్ దీవి గ్రెనడా నుంచి దంతవైద్యం చదవడానికి షికాగో వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే యువకుడు దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వెళ్ళాడు. అతని రక్తపు చుక్కలో కొడవలి ఆకారపు కణాలు కనిపించాయి. జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతి ప్రచురించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఇది హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న తేడా అని చూపించింది. ఒక అణువు వల్ల ఒక జబ్బు అనే ఆలోచనకు వైద్యచరిత్రలో అదే ఆరంభం. 1956–57లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఎక్కడో పట్టుకున్నాడు. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ ఉంది. అంతే. జన్యులిపిలో చూస్తే మారింది ఒక్క అక్షరం. మన భాషలో ‘వరం’లో మొదటి అక్షరం మారితే ‘జ్వరం’ అయినట్టు.

ఆ ఒక్క మార్పుతో ఏం జరుగుతుందంటే, ప్రాణవాయువును వదిలేసిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పీచులవుతాయి. పీచులు కణాన్ని లోపలినుంచి సాగదీసి కొడవలిలా వంచుతాయి. మామూలు కణం తనకన్నా సన్నటి నాళంలోంచి కూడా మడత పడి జారిపోతుంది. కొడవలి కణం ఇరుక్కుంటుంది. వెనక మరొకటి, దాని వెనక ఇంకొకటి. అక్కడినుంచి ఆవలకు రక్తం అందదు. ఎముకలో జరిగితే పిల్లవాడు తెల్లవార్లూ అరిచే నొప్పి, ఊపిరితిత్తుల్లో జరిగితే ప్రాణాపాయం, మెదడులో జరిగితే పక్షవాతం. పసివాళ్ళలో తరచూ మొదట కనిపించేది చేతివేళ్ళు, కాలివేళ్ళు బూరెల్లా వాయడం. దాన్ని దెబ్బ తగిలిందనో, పురుగు కుట్టిందనో అనుకోవడం సహజం. పెద్దపిల్లల నొప్పుల్ని కీళ్ళవాతం అనుకుని ఏళ్ళతరబడి నొప్పిమాత్రలు మింగిస్తారు. పైగా కొడవలి కణం 120 రోజులు బతకదు, పది ఇరవై రోజుల్లోనే పగిలిపోతుంది. పగిలిన కణాల నుంచి వచ్చే పచ్చరంగే కళ్ళలో కామెర్లు. పసరు పోసినా అది పోదు, ఎందుకంటే జబ్బు కాలేయానిది కాదు.

ఇంత కీడు చేసే అక్షరం ఈ కొండల్లో ఎందుకు నిలిచింది? మన్యం జ్వరం వల్ల. ఏజెన్సీకి బదిలీ అంటే మైదానపు ఉద్యోగులు వణికిపోయిన కాలం మన తాతలకు తెలుసు. ఆ వణుకు మలేరియాది. 1954లో ఆంథనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో తన పరిశోధనతో ఒక సంగతి చూపించాడు: ఒకే కొడవలి జన్యువు ఉన్న పిల్లలు, అంటే వాహకులు, ఫాల్సిపారం మలేరియాను తట్టుకుంటారు. మలేరియా పసిపిల్లల్ని ఏరుకుంటూ పోయిన ప్రతి తరంలోనూ ఈ వాహకులు మిగిలారు, పెద్దయ్యారు, పిల్లల్ని కన్నారు. రెండు గవ్వలూ బోర్లా పడిన బిడ్డలు ఆ రక్షణకు వెల చెల్లించారు. కొండజాతుల్లో ఈ జన్యువు ఉండడం వాళ్ళ లోపమూ కాదు, శాపమూ కాదు. బతికి బట్టకట్టిన తరాలు ఒంటి మీద మిగుల్చుకున్న గుర్తు.

మలేరియా నేలల్లో హిమోగ్లోబిన్ ఎన్ని వేషాలు వేసిందో చెప్పడానికి మన తెలుగు కొండల పేరే ఒకటి వైద్య గ్రంథాల్లో ఉంది. గోదావరి ప్రాంతపు కోయదొరల్లో కనుగొన్న ఒక అరుదైన రకాన్ని 1975లో ప్రపంచానికి ‘హిమోగ్లోబిన్ కోయదొర’ అని పరిచయం చేశారు. భారతదేశంలో సికిల్ సెల్ గురించి మొదటి నివేదికలు 1952లో రెండు చోట్ల నుంచి వచ్చాయి: నీలగిరి కొండల గిరిజనుల నుంచి, ఎగువ అస్సాం తేయాకు తోటల్లోని వలస కూలీల నుంచి. ఉత్తరాంధ్ర ఏజెన్సీల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు మానవశాస్త్ర పరిశోధకులు తర్వాతి దశాబ్దాల్లో ఊరూరా తిరిగి రక్తనమూనాలు సేకరించారు.

మన దేశంలో ఎక్కువగా ఉన్న సికిల్ జన్యువు ఆఫ్రికా నుంచి వచ్చింది కాదని చాలాకాలంగా ఒక వాదన ఉంది. విడిగా పుట్టిందంటారు. తూర్పు సౌదీ అరేబియాలోనూ ఇదే రకం కనిపిస్తుంది కాబట్టి అరబ్–ఇండియన్ రకం అంటారు. ఈ రకం ఉన్నవాళ్ళలో గర్భస్థ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కొంత మిగులుతుంది. అది కొడవలి పీచుల్ని కట్టనివ్వదు. న్యూయార్క్‌లో పిల్లల వైద్యురాలు జానెట్ వాట్సన్ 1948లోనే గమనించింది, సికిల్ బిడ్డలు మొదటి నెలల్లో బాగుండడానికి కారణం ఈ పాత హిమోగ్లోబినే కావాలని. అయితే "మనవాళ్ళ సికిల్ మెతకదిలే" అని ఊరుకోవడం ప్రమాదం. సగటున మెతకదే కావచ్చు, ఏ బిడ్డకు ఎలా ఉంటుందో ముందే చెప్పలేం.

హైడ్రాక్సీయూరియా అనే క్యాప్సూల్ చేసే పని, నిద్రపోయిన ఆ పాత అచ్చును కొంత మేల్కొలపడం. 1995లో వెలువడిన అమెరికా అధ్యయనంలో నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయి. ఖరీదైన మందు కాదు. అయితే అప్పుడప్పుడు రక్తకణాల లెక్క చూసుకుంటూ వాడాలి. ఆ లెక్క చూడగల ప్రయోగశాల ఊరికి ఎంత దూరమన్నదే అసలు సమస్య. 2023 డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన, జన్యువును సవరించే క్రిస్పర్ చికిత్స కూడా ఇదే దారిలో పోతుంది. మూలుగ కణాలను బయటికి తీసి, పాత అచ్చును నిద్రపుచ్చే తాళాన్ని కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. ధర 22 లక్షల డాలర్లు. డోలీ మీద రోగిని రోడ్డుదాకా మోసుకొచ్చే ఊళ్ళు ఇంకా ఉన్న చోట నిలబడి ఆ అంకె చదివితే గుండె బరువెక్కుతుంది. ఢిల్లీలోని ఐజీఐబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చవకైన దేశీయ పద్ధతి కోసం పనిచేస్తున్నారు. అది కొండదాకా వచ్చేలోపు చేయగలిగినవి చాలా ఉన్నాయి, అవన్నీ చవక. పసివయసులో రోజూ పెన్సిలిన్ వేస్తే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గుతాయని 1986లోనే రుజువైంది. న్యుమోనియా టీకా, దాహం వేయకముందే నీళ్ళు, మన్యపు చలికాలపు రాత్రుల్లో స్వెట్టరు, జ్వరం 101 డిగ్రీలు దాటితే మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రి.

రోజూ మింగే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా అందులో ఒకటి. కణాలు త్వరగా పగిలిపోతుంటే మూలుగ రెట్టింపు వేగంతో కొత్తవి చేయాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ పదార్థం జాడ మొదట తెలిసింది 1930 ప్రాంతంలో బొంబాయిలో, గర్భిణులైన బట్టల మిల్లు కార్మికురాళ్ళ రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ వల్ల. 1945–46 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సొంత సోదరుణ్ణి స్ప్రూ అనే పేగు జబ్బు బలిగొంది. దానికి మందు ఫోలిక్ ఆమ్లమేనని తేలేనాటికి ఆ సోదరుడు పోయి చాలా ఏళ్ళయింది. కథ అక్కడితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం కణాలను పెంచుతుంటే, దానికి అడ్డుపడే పదార్థం పిచ్చిగా పెరిగే కణాలను ఆపాలి కదా? బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అలాంటి అమినోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. ఆ మందు తయారైంది సుబ్బారావు బృందం చేతుల్లోనే. 1948లో ప్రచురించిన నివేదికలో పదహారు మంది పిల్లల్లో పది మందికి తాత్కాలికంగానైనా మేలు కనిపించింది. అంతకు ముందు ఆ జబ్బుకు మందు అనేదే లేదు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను పిల్లల లుకేమియాకు నేటికీ వాడుతున్నారు.

లుకేమియా కూడా మొదట "రత్తం నేదు" అనే రూపంలోనే ఇంట్లోకి వస్తుంది. తేడాలు గుర్తుంచుకోవాలి: చర్మం మీద కారణం లేకుండా ఎర్రచుక్కలు, కమిలిన మచ్చలు, ముక్కు నుంచీ చిగుళ్ళ నుంచీ రక్తం, తగ్గని జ్వరం, మెడలో బిళ్ళలు, ఎముకల్లో నొప్పి. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే టానిక్కుల మీద కాలం పోగొట్టకూడదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా రకం ఇప్పుడు సకాలంలో పట్టుకుంటే నయమయ్యే జబ్బు. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ పక్కన అగనంపూడిలోనే ఉంది. కొండల్లో మరొకటి కూడా మనసులో పెట్టుకోవాలి. మలేరియాకు ప్రైమాక్విన్ మాత్రలు మొదలుపెట్టాక పిల్లవాడి మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారితే వెంటనే మాత్ర ఆపి డాక్టరుకు చూపాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఆ మందు ఎర్ర కణాలను పగలగొడుతుంది.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజనులు ఎక్కువగా ఉన్న 17 రాష్ట్రాల్లో నలభై ఏళ్ళ లోపున్న 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది సంకల్పం, జబ్బు నిర్మూలనకు 2047 గడువు. మన రాష్ట్రమూ అందులో ఉంది. ఏఎన్ఎం వేలు గుచ్చి తీసిన చుక్కను ద్రావణంలో కలిపి, సీసా వెనక గీతలు కనిపిస్తున్నాయా లేదా అని చూస్తుంది. కనిపించకపోతే కొడవలి హిమోగ్లోబిన్ ఉన్నట్టు. ఈ పరీక్ష చవక, త్వరగా అయిపోతుంది. అయితే వాహకుడెవరో రోగి ఎవరో ఇది చెప్పలేదు. ఆరు నెలల లోపు బిడ్డల్లో నమ్మదగింది కాదు. అందుకే రెండో పరీక్ష హెచ్‌పీఎల్‌సీ తప్పనిసరి. మొదటి పరీక్ష చేసి, రెండోదాని ఫలితం తిరిగి ఆ గూడేనికి చేరవేయకపోతే ఆ గుచ్చిన నొప్పి వృథా. ఫలితాన్ని కుటుంబానికి వాళ్ళ భాషలో, సవర ఇంట్లో సవరలో, చాటుగా కూర్చోబెట్టి చెప్పాలి. గుంపులో పేరు పిలిచి "నీకు సికిల్ ఉంది" అని చెప్పిన చోట మర్నాడు పరీక్షకు ఎవరూ రారు. ఆడపిల్ల వాహకురాలని తెలిసి సంబంధం తప్పిపోయిందంటే, ఆ తప్పు జన్యువుది కాదు, చెప్పిన తీరుది. వాహకురాలు వాహకుడు కాని వాణ్ణి చేసుకుంటే బిడ్డకు సికిల్ జబ్బు రాదు. ఇద్దరూ వాహకులై ఇష్టపడి పెళ్ళి చేసుకున్నా దారి మూసుకుపోదు. గర్భం తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేయించుకునే వీలుంది.

రాష్ట్ర ప్రభుత్వం తలసీమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫిలియా ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ మూడింటినీ వైకల్యాలుగా గుర్తించింది. చాలా ఇళ్ళలో ఆ సంగతి తెలియదు.

చివరిగా కడుపు సంగతి. మనవైపు ముసలమ్మలు "కడుపులో బల్ల" అంటారు. ఎడమ డొక్క కింద గట్టిగా తగిలే ప్లీహం అది. మలేరియాలో పెరుగుతుంది, తలసీమియాలో పెరుగుతుంది, సికిల్ పసిబిడ్డల్లో ఒక్కోసారి కొన్ని గంటల్లోనే ఉబ్బిపోతుంది. ఒంట్లోని రక్తంలో చాలా భాగం అందులోకి చేరి నిలిచిపోతుంది. బిడ్డ సున్నంలా తెల్లబడి, పొద్దుటికి ఉండకపోవచ్చు. బల్ల కరగాలని కాల్చిన సూదితో వాతలు పెట్టే అలవాటు ఉండేది. ఆ మచ్చలు పొట్ట మీద మోస్తున్న పెద్దవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. వాత పెట్టిన తల్లిని నేను తప్పుపట్టలేను. బల్ల ఉందని ఆమె చేతికి సరిగ్గానే తెలిసింది. ఏం చేయాలో చెప్పినవాళ్ళే లేరు.

జమైకాలో గ్రహామ్ సర్జెంట్ బృందం ఆ చేతినే నమ్ముకుంది. సికిల్ బిడ్డల తల్లులకు ప్లీహం తడిమి చూడడం నేర్పారు. తల్లులు ముందే పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తడంతో ఈ కారణంగా చనిపోయే బిడ్డల సంఖ్య బాగా పడిపోయిందని 1985లో ప్రకటించారు. అదే సర్జెంట్ ఒడిశా వైద్యులతో కలిసి 1986లో మన పక్క రాష్ట్రపు సికిల్ రోగుల మీద కూడా రాశాడు. నేర్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. మోకాళ్ళు కొంచెం ముడవాలి. బొడ్డు దగ్గర్నుంచి ఎడమ డొక్క వైపు వేళ్ళు మెత్తగా జరుపుతూ పోవాలి. గట్టి అంచు తగిలితే, డొక్క నుంచి అది ఎన్ని వేళ్ళ వెడల్పు కిందికి దిగిందో గుర్తుపెట్టుకోవాలి. రోజూ స్నానం చేయించేటప్పుడు ఒకసారి, జ్వరం ఉన్నప్పుడు రెండు మూడుసార్లు. నిన్న రెండు వేళ్ళున్నది ఇవాళ నాలుగు వేళ్ళయి, బిడ్డ పెదవులు పాలిపోతే, అప్పటికప్పుడు 108కి ఫోను.